పసుపు గౌను కొలతలు

"పడిపోతావే" అంది మిషనమ్మ, నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకునే.

"ఇంకా ఆ తెర మెట్లు ఎక్కనే లేదు కదమ్మా" అంది కూతురు.

"ఎక్కినవాళ్ళేగా పడేది."

కూతురు స్టూలు మీద నిలబడి ఉంది. ఒంటి మీద పసుపు గౌను. సినిమా హాలు మేనేజరు పొద్దున సంచిలో పెట్టి ఇచ్చాడు. మోకాళ్ళ కిందికి రావలసిన గౌను మోకాళ్ళ పైనే ఆగిపోయింది. వీధి వీధంతా మిషనమ్మ అని పిలిచే ఆ తల్లి నేల మీద చతికిలబడి, గౌను అంచు చుట్టూ సూదులు గుచ్చుతోంది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఎనిమిది నెలలు ఉద్యోగం కోసం గడప గడపా తిరిగితే మొదటిసారి ఒకరు సరే అన్నారు. అదీ ఇలాంటి పనికి.

హాల్లో కొంతకాలంగా ఒక విచిత్రమైన సినిమా ఆడుతోంది. అందులో సినిమా చూస్తున్న జనం ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచి తెరలోకి నడిచి వెళ్ళిపోతుంటారు. ఇంటర్వెల్ తరవాత కాసేపటికి తెరమీది మనిషి మనవైపు తిరిగి రమ్మని చెయ్యి ఊపుతుంది. అప్పుడు నిజంగానే హాల్లో నాలుగో వరసలోంచి పసుపు గౌను పిల్ల ఒకతె లేచి, పరిగెత్తి, మెట్లెక్కి, తెరలోకి దూరిపోతుంది. మరుక్షణం అదే గౌనులో, వీపు ఇటు పెట్టి, తెరమీద గడ్డి మైదానంలో పరిగెడుతూ కనిపిస్తుంది. ఆ కనిపించే పిల్ల ఎక్కడో ఎప్పుడో తీసిన బొమ్మ. లేచి వెళ్ళే పిల్ల మాత్రం ఈ ఊరి పిల్ల. తెర మధ్యలో తలుపంత మేర గుడ్డకి బదులు తెల్లటి ఎలాస్టిక్ పట్టీలు దగ్గరదగ్గరగా బిగించి ఉంటాయి. దూరిన మనిషిని మింగి మళ్ళీ మూసుకుంటాయి. అవతల చెక్కబల్ల మీద ఆగి, జనం మొత్తం వెళ్ళిపోయేదాకా కిక్కురుమనకుండా కూర్చోవాలి. పని అంతే.

మూడు వారాలుగా ఆ ఘట్టం లేకుండానే ఆడిస్తున్నారు. మునుపటి అమ్మాయికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయిందని మేనేజరు చెప్పాడు. ఈ శుక్రవారం మ్యాట్నీ నుంచి మిషనమ్మ కూతురు.

"చీకట్లో ఏ తీగో తగిలితే?" అంది మిషనమ్మ. "ఆ పట్టీలు మెడకి చుట్టుకుంటే?"

"నువ్వు భయపడినవన్నీ జరిగుంటే నేనీపాటికి పదకొండుసార్లు చచ్చి ఉండాలి" అంది కూతురు. "లెక్క రాసుకున్నాను. ఉయ్యాల, గ్యాసు, పక్కింటి కుక్క..."

మంచం మీదనుంచి నానమ్మ అందుకుంది. "మీ అమ్మ నేను కాఫీ తాగుతున్నా గుటక గుటకకీ నా మొహంలోకి చూస్తుంది. పొలమారి పోతానని."

"మీరూరుకోండి అత్తయ్యా."

కూతురు అద్దం వైపు తిరిగింది. సూదులు గుచ్చిన గౌను జాగ్రత్తగా రెండు వేళ్ళతో పట్టుకుంది. "హాల్లో ఆరువందల మంది ఉంటారమ్మా. ఆ ఒక్క నిమిషం అందరూ నేను వెళ్ళిపోయాననే అనుకుంటారు. ఎక్కడికో మంచిచోటికి."

ఇక్కడినుంచి వెళ్ళిపోవడం నీకంత ఇష్టమా అని అడగాలనుకుంది మిషనమ్మ. నోట్లో సూదులున్నాయి. అడగలేదు.

మర్నాడు పొద్దున్నే గౌను తిరగేసి మిషను మీద పరిచి, పాత అంచు ఊడదీయడం మొదలుపెట్టింది. బ్లేడుతో ఒక్కొక్క దారం తెంపి లాగుతుంటే మడత గుర్తులు బయటపడ్డాయి. ఒకటి కాదు, రెండు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండంగుళాలు. అంటే మొదట ఎవరికో పొట్టి పిల్లకి కుట్టారు. తరవాత ఇంకాస్త పొడుగు పిల్ల కోసం అంచు దించారు. ఇప్పుడు తన కూతురికి ఇంకో మూడంగుళాలు దించాలి. తన కూతురు మూడో మనిషి.

అప్పటిదాకా అది మామూలు సంగతే. ఎడమ పక్క చూసినప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

కింది అంచు నుంచి చంకదాకా గౌను తెరుచుకుని, మళ్ళీ కలిపి కుట్టి ఉంది. అసలు కుట్టు మీద కాదు, దానికి అరంగుళం పక్కగా. గౌను వదులు చెయ్యాలన్నా బిగించాలన్నా ఎవరైనా కుట్టు విప్పుతారు, పక్కన బట్ట కొయ్యరు. పైగా చిరిగితే పోగులు పీచులు పీచులుగా లేస్తాయి. ఇక్కడ అంచు గీత గీసినట్టుంది. కత్తెర. పెద్ద కత్తెర, ఒక్క ఊపులో.

అలాంటి కోత ఆమె ఇంతకు ముందొకసారి చూసింది. స్కూటరు మీంచి పడ్డ పక్కింటాయన ప్యాంటు ఆస్పత్రివాళ్ళు అలాగే కోసేస్తే, కొత్త ప్యాంటు కదా అని కుట్టించుకోవడానికి తెచ్చాడు. చెయ్యి ఎత్తలేని మనిషికి, కాలు కదపలేని మనిషికి బట్టలు విప్పరు, కోస్తారు.

ఆ కోతని కలిపింది దర్జీ చెయ్యి కాదు. పసుపు బట్ట మీద ఆకుపచ్చ దారం. చేతికుట్టు. ప్రతి నాలుగు కుట్లకీ ఒక ముడి. కుట్లన్నీ మామూలుకి ఎదురువైపు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం మనిషి.

కూతుర్ని పిలిచి చూపించింది. కూతురు వంగి చూసింది, నిటారుగా లేచింది.

"సైజు చేసుంటారమ్మా."

"సైజు ఇలా చెయ్యరే."

"ఎవరో కుట్టడం రాని వాళ్ళు చేసుంటారు. నీకు దారం రంగు తేడా కనిపిస్తే శవం కనిపించినట్టే."

నిజమే, ఇన్నేళ్ళూ ప్రతిదానికీ భయపడింది. ఆ భయాలన్నీ ఇప్పుడు వరసగా వచ్చి ఆమెకి ఎదురుసాక్ష్యం చెబుతున్నాయి. ఈ ఒక్కసారి చేతిలో రుజువు ఉంది. నమ్మేవాళ్ళే లేరు.

మధ్యాహ్నం గౌను సంచిలో పెట్టుకుని హాలుకి వెళ్ళింది. మ్యాట్నీకి జనం లోపలికి పోతున్నారు. గేటు దగ్గర ముసలాయన టికెట్లు చింపుతున్నాడు. అందరూ గేటాయన అంటారు. కూతురికి అడుగులు నేర్పబోయేది ఈయనే. టికెట్టుని కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో చింపుతున్నాడు. ఖాకీ చొక్కా జేబు ఒక మూల ఊడిపోతే కుట్టుకున్నట్టున్నాడు. ఆకుపచ్చ దారం. నాలుగు కుట్లకో ముడి.

మిషనమ్మ జనం పలచబడేదాకా ఆగింది.

"అన్నయ్యా, రేపట్నుంచి మీ దగ్గర నేర్చుకునే పిల్ల మా అమ్మాయే."

ఆయన తలూపాడు.

ఆమె సంచిలోంచి గౌను సగం బయటికి లాగి, ఎడమ పక్క చూపించింది. "ఇది కుట్టింది మీరే కదూ?"

ఆయన చూశాడు. చెయ్యి చాచి ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందికి ఒకసారి నిమిరాడు. తరవాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంతకుముందు ఈ గౌను ఎవరిది అన్నయ్యా?"

ఆయన చేతిలోని టార్చిలైటు వెలిగింది, ఆరింది, వెలిగింది. పట్టపగలు. పక్కన ఆయన కుర్చీ మీద కొత్తగా కొన్న వేడినీళ్ళ రబ్బరు సంచి, ఇంకా విప్పని ప్లాస్టిక్ కవరులో ఉంది.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అంది ఆమె. ఎవరిని చూసినా ముందు నోటికొచ్చే మాట అది.

లోపల గంట మోగింది. ఆయన తలుపు మూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున రిహార్సల్. మిషనమ్మ కూడా వెంట వెళ్ళింది. మేనేజరు ఆమెని చూసి నవ్వాడు.

"ఏమ్మా, నువ్వు కూడా దూకుతావా తెరలోకి?"

"చూసి పోతానండీ."

హాల్లో లైట్లన్నీ వేశారు. ఖాళీ కుర్చీల మధ్య నుంచి కూతురు నడిచి వెళ్ళి, నాలుగు మెట్లెక్కి, పట్టీల మధ్య దూరింది. మిషనమ్మ పక్క తలుపు గుండా తెర వెనక్కి వెళ్ళింది. అక్కడ అటక మీద ఉండేలాంటి దుమ్ము వాసన. తెరకి ఆనుకుని ఒక చెక్కబల్ల. బల్ల అయిపోయిన చోట ఒక మనిషి ఎత్తు లోతు, అందులో ఇనప చట్రాల మీద పెట్టెలంత స్పీకర్లు.

"లోపలికి రాగానే లెక్క మొదలెట్టాలమ్మా" అంటున్నాడు గేటాయన, బల్ల పక్కన గోడ వార నిలబడి. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో దానికి ఆగిపోవాలి."

కూతురు లెక్కపెడుతూ నడిచింది. మూడయ్యేసరికి బల్ల చివర కనిపించి, మిగతా రెండూ చీమ అడుగులు వేసి ఆగింది. "వచ్చేసింది" అంది నవ్వుతూ.

మిషనమ్మ మెడలోని టేపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కొలిచింది. తెర నుంచి చివరికి ఎనభై రెండంగుళాలు.

"ఇక్కడొక చిన్న దీపం పెట్టండి బాబూ" అంది మేనేజరుతో.

"ఎలా పెట్టమంటావు? తెర నిండా సన్న చిల్లులుంటాయి, శబ్దం బయటికి పోవడానికి. ఇక్కడ అగ్గిపుల్ల గీసినా అవతల చుక్కలు కనిపిస్తాయి."

"పోనీ ఆ గోతిలో పరుపు వెయ్యండి."

"స్పీకర్ల మీద పరుపా? శబ్దం మొద్దుబారదూ? చూద్దాంలే, వచ్చే వారం ఏదైనా కటకటాల్లాగా పెట్టిద్దాం."

"ఇంతకుముందు పిల్ల పొట్టి కదండీ. గౌను చూస్తే తెలుస్తోంది. ఈ ఐదు లెక్క మొట్టమొదటి పిల్లది. ఒకరి కొలతతో ఇంకొకరికి ఎలా..."

"అమ్మా" అన్నాడు మేనేజరు, విసుగు దాచుకుంటూ. "గేటాయన ఇక్కడ ముప్ఫయ్యేళ్ళ నుంచి ఉన్నాడు. ఆయన్నే అడుగు. ఏమయ్యా, ఐదేనా?"

గేటాయన కిందికి, ఇనప చట్రాల వైపు చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువునా ఊపలేదు.

"ఐదే" అన్నాడు మేనేజరే.

ఆ సాయంత్రం మిషనమ్మ మూడు సుద్దబిళ్ళలు రోట్లో వేసి పొడి చేసింది. గడప లోపల ఒక బారెడు మేర నేల మీద చల్లింది. వాళ్ళ ఇల్లు పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. నల్లటి బండలు. కూతురు వీధి చివర పంపు దగ్గర కబుర్లు చెబుతోంది.

"అత్తయ్యా, మీరు కాసేపు నేల మీద పడుకోవాలి."

ముసలావిడ కోడల్ని ఎగాదిగా చూసింది. "ఎందుకు, కొలతలు తీస్తావా? పాడెకా?"

"దాన్ని పరిగెత్తించాలి. మామూలుగా పిలిస్తే నడిచొస్తుంది."

ముసలావిడ దిండు తీసుకుని దూరంగా వంటింటి గుమ్మం దగ్గర పడుకుంది. "కేక నువ్వే వెయ్యి. నేను మూలిగితే నవ్వొస్తుంది."

"ఏమే, నానమ్మ పడిపోయిందే" అని మిషనమ్మ వీధిలోకి అరిచింది. ఆ గొంతు దొంగగొంతు కాదు. మూడు రోజులుగా లోపల ఉన్నదే బయటికి వచ్చింది.

కూతురు ఒక్క పరుగున వచ్చింది. సుద్దలో అడుగు వేసి, నల్లబండల మీద తెల్లటి గుర్తులు వేసుకుంటూ వంటింటిదాకా పోయి, నానమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ముసలావిడ ఒక కన్ను తెరిచి, "బాగానే ఉన్నాను. మీ అమ్మే బాగోలేదు" అంది.

మిషనమ్మ అప్పటికే టేపు పరిచింది. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి ఇరవై ఏడంగుళాలు. మళ్ళీ కొలిచింది. ఇరవై ఏడే.

"మూడు అడుగులకి ఎనభై ఒకటి. బల్ల ఎనభై రెండు. నాలుగో అడుగుకి కింద ఏమీ లేదే. నువ్వు ఐదు దాకా లెక్కపెడతానంటున్నావు."

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో. "నానమ్మని చంపి కొలుస్తావా నన్ను? ఇవాళ ఆగానా లేదా?"

"లైట్లున్నాయి కాబట్టి ఆగావు. రేపు ఆ ప్రొజెక్టరు వెలుగులోంచి చీకట్లోకి పోతావు. కళ్ళకి ఏం ఆనుతుంది?"

"ఆ మాట గేటాయన చెబితే వింటాను. నువ్వు చెబితే కాదు. నువ్వు ఎప్పుడూ చెబుతావు."

శుక్రవారం పొద్దున గౌను ఇంకా కాలేదంది మిషనమ్మ. మిషను సూది విరిగిందంది. కూతురు గౌను తీసుకుని, గుమ్మంలో కూర్చుని, చేత్తో అంచు కుట్టుకుంది. వంకరటింకర కుట్లు. చిన్నప్పుడు తల్లే సూది ముట్టనివ్వలేదు, గుచ్చుకుంటుందని. చూస్తూ కూర్చోలేక మిషనమ్మ చివరికి గౌను లాక్కుని తానే పూర్తి చేసింది. చేస్తున్నంతసేపూ ఉరితాడు పేనుతున్నట్టుంది.

"మూడు" అంది గౌను అందిస్తూ. "ఏమీ అడగను. మూడు అని ఒక్కసారి అను."

కూతురు గౌను తీసుకుని వెళ్ళిపోయింది.

హాలు గేటు దగ్గర ఇవాళ వరస వీధిదాకా ఉంది. మిషనమ్మ టికెట్టు కొనుక్కుని వరసలో నిలబడి, గేటాయన ముందుకి వచ్చింది. వెనక జనం తోస్తున్నారు.

"నా మాట అది వినదు" అంది మెల్లగా. "మీ మాట వింటానంది. మీరు ఐదు అన్నారు, ఐదే వేస్తుంది. మీరు బల్ల చూశారు, గౌను చూశారు. ఆ కుట్టు మీది. ఏదో జరిగింది అన్నయ్యా. ఈ గౌను ఇంతకుముందు ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు. మా పిల్లకి మూడు అని చెప్పండి చాలు."

"పదవమ్మా, ముందుకి పద" అన్నారు వెనకనుంచి.

ఆయన ఆమె టికెట్టు పట్టుకుని చింపకుండా నిలబడ్డాడు. పెదవులు కదిలినట్టే ఉన్నాయి. మెట్ల మీద మేనేజరు కనిపించాడు. టికెట్టు రెండు ముక్కలైంది. సగం ఆమె చేతిలో పడింది.

ఆమెకి తొమ్మిదో వరసలో చోటు దొరికింది. సినిమాలో ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు. ఒకాయన తెరలోకి నడిచాడు. ఒక ముసలి జంట చేతులు పట్టుకుని నడిచారు. హాలంతా ఆహా అనుకుంది. ఆమె నాలుగో వరస చివర కూర్చున్న జడనే చూస్తోంది. ఇంటర్వెల్లో ఆ జడ ఇటు తిరగలేదు. లైట్లు మళ్ళీ ఆరాయి. తలుపులు మూసే టార్చిలైటు ఇవాళ కనిపించలేదు. "గేటాయన ఏడీ, తలుపు తెరిచే ఉంది" అని ఎవరో గొణిగారు.

తెరమీది మనిషి ఇటు తిరిగింది. చెయ్యి ఊపింది.

పసుపు గౌను లేచింది. పరిగెత్తింది. అంత వెలుగులో ఆ పిల్ల నల్లటి నీడలా మెట్లెక్కి, పట్టీల మధ్య మాయమైంది. పట్టీలు రెండుసార్లు ఊగి మూసుకున్నాయి. గడ్డి మైదానంలో పసుపు గౌను పరిగెడుతోంది. హాలు దద్దరిల్లింది. పక్కావిడ చప్పట్లు కొడుతూ, "వెళ్ళిపోయింది చూడండి" అంది మిషనమ్మతో.

మిషనమ్మ అప్పటికే లేచింది. కాళ్ళు తొక్కుకుంటూ వరస దాటి, పక్క తలుపు తోసుకుని, సందులోంచి తెర వెనక్కి పరిగెత్తింది. ఇక్కడ ఏమీ కనిపించదు. గుడ్డివాళ్ళ లోకం. తెర నిండా సూదిమొనలంత వెలుగు చుక్కలు, స్పీకర్లలోంచి గుండెల మీద గుద్దుతున్నట్టు సంగీతం. గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకి, బల్ల చేత్తో తడిమింది. బల్ల మీద ఎవరూ లేరు.

"ఏమే" అంది. "ఏమే తల్లీ."

సంగీతంలో తన గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ పిలిచింది. మాట్లాడకూడదని దానికి చెప్పారు. ఎముకలు విరిగినా మాట్లాడదు, అంత మొండిది. మునుపటి పిల్ల కూడా ఇలాగే మాట్లాడకుండా పడి ఉంటుంది, అవతల జనం చప్పట్లు కొడుతుంటే. బల్ల చివరకి చేరి, బోర్లా పడుకుని, కిందికి చెయ్యి చాపింది.

ఆ చేతిని ఇంకో చెయ్యి పట్టుకుంది. వేడిగా, చెమటగా. కూతురిది.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తెలిసింది. గోతిలో రెండు స్పీకర్ల మధ్య ఇరుకులో గేటాయన నిలబడి ఉన్నాడు. చేతులు పైకెత్తి, భుజం మీద పసుపు గౌనుని మోస్తున్నాడు. కూతురి కాళ్ళు ఇనప చట్రానికి జానెడు పైన వేలాడుతున్నాయి. ఒక చెప్పు లేదు. ఆయన మోచేతి దగ్గర ఖాకీ చొక్కా చిరిగి, తడిగా ఉంది. ఇద్దరూ కలిసి పిల్లని బల్ల మీదికి లాగారు. ఆయన చట్రం పట్టుకుని పైకి వచ్చి, ఆయాసపడుతూ బల్ల చివర కూర్చున్నాడు.

"మూడే అనుకున్నానమ్మా" అంది కూతురు ఆమె చెవిలో, పళ్ళు కొట్టుకుంటూ. "నీ లెక్కే పెట్టాను. ఆగుదామనుకున్నా. కాలు ఆగలేదు."

మిషనమ్మ కూతురి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. మోకాళ్ళు, నడుము. చేతులు ఎత్తించి చూసింది. రెండూ లేచాయి. గౌను ఎడమ పక్క, ఆకుపచ్చ దారం తీసేసి తను పసుపు దారంతో కుట్టిన చోట, చెయ్యి ఆగింది.

తెరమీద పరుగు ఆగిపోయినట్టుంది. సంగీతం తగ్గుతూ తగ్గుతూ పోయింది. గడ్డి మీద గాలి చప్పుడు మాత్రం మిగిలింది. హాల్లో ఎవరో దగ్గారు, ఇక్కడికి పక్కనే ఉన్నట్టు వినిపించింది. ఇంక ఇక్కడ గుసగుస కూడా పనికిరాదు.

మిషనమ్మ చీకట్లో గేటాయన ఉన్న వైపు చూసింది. ఆయన గోతిలోకి చూస్తున్నాడు. నిన్న చూసినచోటికే.

"ఈ గౌను ఎవరిది అన్నయ్యా?" అంది, పెదవులతోనే.

గాలి చప్పుడు సాగింది. కూతురి వణుకు కొంచెం తగ్గింది. ఆయన చొక్కా జేబు మూల వేలితో తడుముకున్నాడు, తను కుట్టుకున్న ముడులు ఒకటొకటే లెక్కపెట్టుకుంటున్నట్టు. మిషనమ్మ మళ్ళీ అడగలేదు. ఇంక అడగదలుచుకోలేదు కూడా.

"మా అమ్మాయిది" అన్నాడు గేటాయన.

గొంతు తగ్గించకుండానే అన్నాడు. తెర చిల్లుల్లోంచి ఆ మాట అవతలికి పోయింది. ముందు వరసలో ఒకరిద్దరి గుసగుసలు ఆగాయి.

"మా అమ్మాయిదమ్మా. ఇంకా మంచం మీంచి లేవలేదు."